ట్రే మీద కాగితం ఎందుకు ముడత పడింది, గాజుల డబ్బాకి ఎంత కొలత తీసుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 12 అంగుళాల చదరపు డిజైన్ పేపర్ (స్క్రాప్‌బుక్ పేపర్) ప్యాడ్లు రెండు కొన్నారు, ఒక్కోదాంట్లో 24 షీట్లు. సరదాగా ఒక ఎం.డి.ఎఫ్. (చెక్క పిండిని జిగురుతో అదిమి చేసిన పలక) ట్రే మీద ఫెవికాల్‌తో ఒక షీటు అంటిస్తే బుడగలు వచ్చాయి, ముడతలు పడ్డాయి, మూలలు లేచాయి. వచ్చే నెలాఖరులో మీ వదినగారి సీమంతం. 40 మందికి రిటర్న్ గిఫ్టులు ఈ కాగితాలతోనే చేయాలని ఉంది, మిగిలితే ఇంటికి ఏమైనా. "ఏ జిగురు వాడితే ముడతలు రావు?" అని అడిగారు.

జిగురు మార్చక్కర్లేదండి. మీ ఫెవికాల్ బాగానే ఉంది. కాగితం గురించి ఒక సంగతి తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మా నాన్నకి రాజమండ్రిలో బైండింగ్ షాపు ఉండేది. స్క్రాప్‌బుక్ పేపర్ అనే మాట మా వీధిలో ఎవరికీ తెలియని రోజుల్లోనే మేం చిట్టా పుస్తకాల అట్టల మీద డిజైన్ కాగితం అంటించేవాళ్ళం. వీపుకీ మూలలకీ కాలికో గుడ్డ, మధ్యలో నీలం ఎరుపు అలలున్న మార్బుల్ పేపరు. పాత కొట్లలో ఇప్పటికీ అలాంటి పుస్తకాలు కనిపిస్తాయి. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో నాన్న ఊళ్ళో లేనప్పుడు, సాయం చేద్దామని ఇరవై అట్టలకి నేనే మార్బుల్ పేపరు అంటించేశాను. సాయంత్రానికి చక్కగా ఉన్నాయి. పొద్దున చూస్తే ఇరవయ్యీ వేయించిన అప్పడాల్లా వంకర తిరిగి కూర్చున్నాయి. నాన్న వచ్చి తిట్టలేదు. ఒక వృథా కాగితం తీసి నిలువుగా చింపాడు, సర్రున తిన్నగా చిరిగింది. అడ్డంగా చింపాడు, అడ్డదిడ్డంగా పోయింది. "ఇదిగో, పోగు ఎటుందో చూసుకోకుండా అంటించావు" అన్నాడు.

గుడ్డకి పడుగూ పేకా ఉన్నట్టే మిల్లు కాగితానికీ ఒక దిశ ఉంటుంది. తయారయ్యేటప్పుడు యంత్రం ఎటు పరుగెడితే నారలు ఎక్కువగా అటే సర్దుకుంటాయి. తడి తగిలినప్పుడు నార లావెక్కుతుంది గానీ పొడవు పెద్దగా పెరగదు. కాబట్టి కాగితం నారకి అడ్డంగా పెరుగుతుంది, నార వెంట దాదాపు అలాగే ఉంటుంది. 12 అంగుళాల షీటు తడిస్తే ఒక వైపు రెండు మూడు మిల్లీమీటర్లు పెరగడం నేనే స్కేలు పెట్టి చూశాను.

ఇప్పుడు మీ ట్రే సంగతి. మీరు ట్రేకి జిగురు పూసి, పొడి కాగితాన్ని వెంటనే దాని మీద పరిచి ఉంటారు. కాగితం ముందు అంటుకుంది, తర్వాత తడి పీల్చుకుని పెరిగింది. పెరిగిన కాగితానికి పక్కకి చోటు లేదు, పైకి లేచింది. అదే ముడత. మూలల దగ్గర జిగురు పలచగా పడి, ఫ్యాన్ గాలికి అన్నిటికంటే ముందు ఆరిపోయింది. అందుకే అవి లేచాయి.

దిశ కనుక్కోవడం తేలికే. షీటుని చింపనక్కర్లేదు. రెండు అంచులూ దగ్గరకి తెచ్చి, మడత పడకుండా అరచేత్తో మెల్లిగా నొక్కండి. తర్వాత షీటుని తిప్పి రెండో వైపు కూడా అలాగే చేయండి. ఒక వైపు మెత్తగా ఒంగుతుంది, ఇంకో వైపు చేతికి ఎదురు తిరుగుతుంది. మెత్తగా ఒంగినప్పుడు ఆ గొట్టం ఎటు పొడవుగా ఉందో నార కూడా అటే ఉన్నట్టు. అనుమానంగా ఉంటే మూల నుంచి తపాలా బిళ్ళంత ముక్క కోసి ఒక వైపు తడి చేయండి, అది చుట్ట చుట్టుకుంటుంది. ఆ చుట్ట పొడవే నార దిశ. షీటు వెనక పెన్సిల్‌తో చిన్న బాణం గీసి పెట్టుకోండి. ఒకే ప్యాడ్‌లో అన్ని షీట్లూ ఒకేలా ఉంటాయన్న భరోసా లేదు, మూడు నాలుగు చూడండి. చేత్తో తయారైన కాగితానికి ఈ గొడవ చాలా తక్కువ, నారలు అన్ని వైపులకీ పరుచుకుని ఉంటాయి.

ఇక అంటించే పద్ధతి. ముందు పాత న్యూస్ పేపర్ని ట్రే లోపల పరిచి, అంచుల వెంట గోరుతో గీసి, దాన్ని కోసి నమూనా చేసుకోండి. ట్రేలు ఎప్పుడూ కచ్చితమైన చదరంగా ఉండవు, స్కేలు కొలతల్ని నమ్మకండి. ఆ నమూనాతో డిజైన్ పేపరు కోసేటప్పుడు నారకి అడ్డంగా ఉన్న వైపు రెండు మిల్లీమీటర్లు తగ్గించి కోయండి, తడిస్తే అదే పెరిగి సరిపోతుంది. ఎం.డి.ఎఫ్. నీళ్ళు బాగా పీలుస్తుంది. కాబట్టి ముందే తెల్ల యాక్రిలిక్ రంగు ఒక పూత వేసి, ఆరాక సన్న గరుకు కాగితంతో ఒకసారి రుద్దండి. తెల్లటి పూత ఉంటే కాగితం రంగు కూడా నిండుగా కనిపిస్తుంది.

జిగురు మూడు వంతులకి నీళ్ళు ఒక వంతు కలిపి, వెడల్పు బ్రష్‌తో కాగితం వెనక పూయండి. ట్రేకి పలచగా చాలు. పూసిన వెంటనే కాగితం ముడుచుకుంటుంది, కంగారు పడకండి. రెండు నిమిషాలు వదిలేస్తే అదే వదులై మళ్ళీ పరుచుకుంటుంది. పెరగాల్సినంత పెరిగిందన్నమాట. అప్పుడు ఎత్తి ట్రేలో పెట్టి, మెత్తటి నూలు గుడ్డ ఉండ చేసి మధ్య నుంచి అంచులకి ఒత్తుకుంటూ రండి. తడి మీద చిన్న చిన్న బుడగలు మిగిలితే గోరు పెట్టకండి, చిరుగుతుంది. ఆరేటప్పుడు కాగితం మళ్ళీ బిగుసుకుంటుంది కాబట్టి చాలా వరకు అవే పోతాయి. పైన బటర్ పేపరు పరిచి, దాని మీద ట్రే లోపలి కొలతకి కోసిన అట్ట, అట్ట మీద బరువు. మా షాపులో ఇనప మర ప్రెస్ ఉండేది. ఇంట్లో నేను పచ్చళ్ళ జాడీ పెడతాను. రాత్రంతా అలా ఉంచాలి. పై పూత మాత్రం ఒక రోజు పూర్తిగా ఆరాకే. తొందరపడి సాయంత్రమే వార్నిష్ కొడితే కింద తడి బయటికి రాలేక కొత్త బుడగలు పుడతాయి. వానాకాలంలో అయితే రెండు రోజులు ఆగండి, కోస్తా వాళ్ళు ఇంకో పూట కూడా.

పాడైన ట్రేని పారేయకండి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఆరాక కూడా వేడికి మెత్తబడుతుంది. బుడగ ఉన్న చోట సూదితో చిన్న రంధ్రం చేసి గాలి పోనివ్వండి. పైన బటర్ పేపర్ వేసి, ఇస్త్రీ పెట్టెని సిల్కు వేడిలో పెట్టి, ఆ చోట పది సెకన్లు ఒత్తి, చల్లారే దాకా స్టీలు గిన్నె అడుగుతో నొక్కి పట్టుకోండి. జిగురు అందని బుడగ అయితే ఇంజెక్షన్ సిరంజితో చుక్క జిగురు ఎక్కించాలి. పెద్ద ముడతలు దీనితో పోవు. అవి గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి, మళ్ళీ అంటించడమే.

ఇంకో చిట్కా మా నాన్నది. ఫెవికాల్ త్వరగా పట్టేస్తుంది, ఒకసారి వంకరగా పడితే సర్దుకునే టైమ్ ఇవ్వదు. మైదా జిగురు నెమ్మదిగా పడుతుంది, కాగితాన్ని అటూ ఇటూ జరుపుకోవచ్చు. రెండూ సగం సగం కలిపితే పెద్ద షీట్లకి భలేగా ఉంటుంది. మైదా ఒక వంతు, నీళ్ళు ఐదు వంతులు, ఉండ కట్టకుండా కలిపి సన్న సెగ మీద కొంచెం పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి చల్లార్చాలి. పాతకాలం బైండర్లు దీంట్లో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవాళ్ళు. అది విషం. పిల్లలున్న ఇంట్లో ఆ పని వద్దు. మైదా ఒక్కటే వాడిన వస్తువులకి సిల్వర్‌ఫిష్ పురుగులు వస్తాయి, అందుకే ఫెవికాల్ కలపమంటున్నాను.

గోడకి పెట్టుకునే అట్టల మీద అంటించేటప్పుడు ఇంకొకటి. ఒక వైపే అంటిస్తే, ఆరేటప్పుడు కాగితం కుంచించుకుని అట్టని తన వైపు లాగుతుంది. పోగు తప్పుకి తోడు నా ఇరవై అప్పడాల కథలో ఇది కూడా ఉంది. వెనక వైపు కూడా ఒక మామూలు కాగితం, నార అదే దిశలో వచ్చేటట్టు అంటించండి. రెండు వైపులా లాగుడు సమానమై అట్ట తిన్నగా నిలుస్తుంది.

ఇక సీమంతం గిఫ్టులు. టీ కోస్టర్లు (గ్లాసు కింద పెట్టే బిళ్ళలు) చేద్దామని కూడా రాశారు. నా మాట వినండి, అవి వద్దు. పదేళ్ళ కిందట మా పెద్దమ్మకి ఆరు కోస్టర్లు చేసిచ్చాను, పైన ఫెవికాల్ పూతే మెరుపుగా ఉందని అదే వదిలేశాను. ఆవిడ వేడి కాఫీ గ్లాసు పెట్టింది, మళ్ళీ ఎత్తితే కోస్టరు కూడా గ్లాసుతో పాటు లేచి నోటి దాకా వచ్చింది. ఇందాక చెప్పిన వేడి గుణమే. గట్టి పాలియురిథేన్ వార్నిష్ రెండు మూడు పూతలు వేసి, వారం పది రోజులు వాడకుండా ఉంచితే నిలుస్తాయి గానీ 40 మందికి సెట్లు చేసే పనీ కాదు, నెలలో అయ్యే పనీ కాదు.

సీమంతం అంటే గాజులే కదా. గాజులు పెట్టి ఇచ్చే మూత డబ్బా చేయండి. జిగురు చుక్క కూడా అక్కర్లేని డబ్బా ఒకటుంది. జపాన్ వాళ్ళు బియ్యం కొలిచే చెక్క పెట్టెని మసు అంటారు, మన సోలా తవ్వా లాంటిది. ఆ ఆకారంలో కాగితాన్ని మడిచేదే ఇది. చదరపు కాగితం తీసుకుని, డిజైన్ బల్ల వైపు ఉండేట్టు పెట్టి, రెండు ఐమూలలూ మడిచి విప్పండి. నాలుగు మూలల్నీ మధ్య బిందువుకి తెచ్చి మడవండి. ఇప్పుడు వచ్చిన చిన్న చదరంలో ఎదురెదురు అంచుల్ని మధ్య గీతకి మడిచి విప్పండి, మిగతా రెండు వైపులా కూడా అంతే. తర్వాత ఎదురెదురుగా ఉన్న రెండు కొసల్ని మాత్రం పూర్తిగా విప్పి, మిగతా రెండు వైపుల్ని గోడల్లా నిలబెట్టి, విప్పిన కొసని లోపలికి మడుస్తూ గోడ మీదుగా దింపండి. మొదటిది పది నిమిషాలు పడుతుంది, పదోది రెండు నిమిషాలు.

కొలత ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఈ మడతలో డబ్బా అడుగు వెడల్పు, చదరం భుజంలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ వస్తుంది. లెక్కగా చెప్పాలంటే భుజాన్ని 0.35తో గుణించండి. ఎత్తు అందులో సగం. గాజుల సైజు 2-6 అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద ఆరు పదహారో వంతులు, సుమారు 60 మిల్లీమీటర్లు. మన పెద్దవాళ్ళు రెండుంబావు అనేది 2-4, రెండున్నర అనేది 2-8. గాజు మందం రెండు వైపులా కలుపుకుంటే 2-8 గాజు బయటి కొలత 70 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. కాబట్టి అడుగు పెట్టెకి 21 సెంటీమీటర్ల చదరం తీసుకోండి, ఏ4 కాగితం వెడల్పు సరిగ్గా అంతే. అడ్డంగా ఒక్క కోత కోస్తే చదరం వచ్చేస్తుంది. అడుగు 74 మిల్లీమీటర్లు, ఎత్తు 37 వస్తాయి. మూతకి 6 మిల్లీమీటర్లు పెంచి 21.6 సెంటీమీటర్లు, అంటే ఎనిమిదిన్నర అంగుళాలు, మీ డిజైన్ షీటులో కోయండి. అడుగు సాదా రంగు ఏ4లో, మూత డిజైన్‌లో. రెండూ డిజైనే అయితే కంటికి గందరగోళంగా ఉంటుంది, పైగా మీ 48 షీట్లు చాలవు.

కాగితం మందం ఎంతో ప్యాడ్ అట్ట మీద జీ.ఎస్.ఎం. (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె) అని ఉంటుంది, చూడండి. జిరాక్స్ కాగితం 70, 80 ఉంటుంది. ఈ డబ్బాకి 120 నుంచి 180 హాయిగా ఉంటుంది. 200 దాటితే మూలల దగ్గర పొరలు పేరుకుని మూత ఉబ్బుతుంది. మడత పెట్టే ముందు ప్రతి గీత మీదా స్కేలు పెట్టి రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా గీయండి, తర్వాత మడతని స్పూను వెనక వైపుతో రుద్దండి. అడ్డదిశ మడతలు కొంచెం మొరాయిస్తాయి, అక్కడ ఈ గీత బాగా పనికొస్తుంది. కొన్ని చవక షీట్లకి రంగు పైనే ఉంటుంది, లోపల తెలుపు. మడత దగ్గర తెల్లగా పగులుతుంది. అదే రంగు స్కెచ్ పెన్ను కొసతో ఒకసారి అద్దితే కనిపించదు.

లోపల చలిమిడి, సున్నుండలు లాంటివి పెట్టే ఆలోచన ఉంటే బటర్ పేపరు రెండు పొరలు వేయండి. నెయ్యి గంటలోనే డిజైన్ వైపుకి వచ్చేస్తుంది. నన్నడిగితే డబ్బాలో గాజులు, పసుపు కుంకుమ పొట్లాలు చాలు, తినేది వేరే కవర్లో.

మూత మీద ఏం పెట్టాలి? రిబ్బన్ కొనకండి. మీ వదినగారి అమ్మగారి పట్టుచీర ఒకటి అడిగి తీసుకోండి, అంచు బాగున్న చీర. కలర్ జిరాక్స్ షాపులో ఆ అంచుని మిషన్ అద్దం మీద తిన్నగా పరిచి ఏ4 మీద తీయించండి. ఒక కాపీని పొడవున 3 సెంటీమీటర్ల పట్టీలుగా కోస్తే ఏడు వస్తాయి, 40 డబ్బాలకి ఆరు కాపీలు. ఆ పట్టీని మూత కట్టిన డబ్బా చుట్టూ బెల్టులా తిప్పి అడుగున అతికించండి. మా మేనకోడలికి నేను చేసినప్పుడు వాళ్ళమ్మ వెంకటగిరి చీర వాడాను. పేరంటానికి వచ్చినవాళ్ళు గాజుల కంటే ముందు ఆ పట్టీని పట్టుకుని చూశారు. లేజర్ జిరాక్సే అయి ఉండాలి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్లో తీస్తే జిగురు తడికి రంగు కారుతుంది. లేజర్ రంగు తడికి కారదు గానీ మడత దగ్గర పొడిలా రాలుతుంది, అందుకని మూలల్లో గోరుతో గట్టిగా నొక్కకుండా మెల్లగా తిప్పండి.

ఒక్కో షీటులో మూత కోశాక ఎల్ ఆకారంలో ముక్క మిగులుతుంది. పారేయొద్దు. అందులో 30 సెంటీమీటర్ల పొడవు పట్టీని నిలువుగా రెండు చేసి, కొసలు కలిపి అతికించి, సెంటీమీటరుకో మడత చొప్పున విసనకర్రలా మడిచి, గుండ్రంగా తిప్పితే అరచేతంత పువ్వు వస్తుంది. పట్టీ పొడవు వెడల్పుకి పన్నెండు రెట్లైనా ఉండాలి, తక్కువైతే పువ్వు పరుచుకోదు, చీలిపోతుంది. ఇక్కడ కూడా నార మడతల వెంట ఉంటే పని తేలిక, అడ్డంగా ఉంటే ప్రతి మడతా విప్పుకుంటుంది. అందుకే షీటు కోసేటప్పుడే పొడవు పట్టీ ఏ వైపు నుంచి రావాలో బాణం చూసి నిర్ణయించుకోండి. మధ్యలో గుండ్రటి అట్ట ముక్క మీద వేడి గ్లూ వేసి నొక్కి పట్టుకుంటే చాలు. 40 మూతలకి 40 పువ్వులు, సీమంతం కుర్చీ వెనక కట్టడానికి సరిపోతాయి. పక్కన దీపం కుంది ఉంటే మాత్రం దూరంగా కట్టండి. దీపావళికి కాగితం లాంతర్లు చేసినా లోపల బ్యాటరీ దీపమే.

ట్రే మీద పాడైనదీ, 40 మూతలకి పోయినవీ తీసేస్తే మిగిలే ఏడు షీట్లలో ఒకటి మళ్ళీ ట్రేకి. ఒకటి రెండు చదివింపుల కవర్లకి ఉంచుకోండి, 516 పెట్టి ఇవ్వడానికి కొన్న కవరు కంటే బాగుంటుంది. ఐదు వందల నోటు 150కి 66 మిల్లీమీటర్లు, కవరు 17 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు ఉంటే నోటు మడవకుండా పడుతుంది. మిగతావి ఇంటికి.

ఇంటికి అంటే నేను గోడకి నేరుగా అంటించమని చెప్పను. డిస్టెంపర్ గోడ పొడి రాలుతుంది, కాగితం ఆ పొడితో సహా ఊడి వస్తుంది. అద్దె ఇల్లైతే ఓనరుతో గొడవ వేరే. షోకేస్ వెనక వైపు కొలతకి ఫోమ్ బోర్డు కోసి, దానికి షీట్లు అంటించి, లోపల నిలబెట్టండి. బొమ్మలు ఎంత పాతవైనా వెనక ఆ డిజైన్ ఉంటే అందం వస్తుంది. విసుగు పుడితే బోర్డు తీసి ఇంకో కాగితం. లేదా ఒకే రంగు కుటుంబంలోని మూడు షీట్లు మూడు ఫ్రేముల్లో పెట్టి వరసగా తగిలించండి, అద్దం ఉన్న ఫ్రేములే తీసుకోండి. ఎండ నేరుగా పడే గోడ మాత్రం వద్దు, ఎరుపు, గులాబీ రంగులు ముందు వెలిసిపోతాయి. ఫోటో ఆల్బమ్ చేసే ఆలోచన ఉంటే ప్యాడ్ మీద యాసిడ్ ఫ్రీ (ఫోటోల్ని పాడుచేసే ఆమ్లం లేని కాగితం) అని ఉందో లేదో చూడండి. డబ్బాలకీ ట్రేలకీ అది చూడక్కర్లేదు.

టైమ్ సంగతి. రోజుకి పది డబ్బాలు, అడుగూ మూతా కలిపి, మడిచినా నాలుగు రోజుల పని, టెన్షన్ పడక్కర్లేదు. గాజులు ముందు కొనండి, మీరు ఇవ్వబోయే డజనో అరడజనో ఒకదాని మీద ఒకటి పేర్చి స్కేలుతో ఎత్తు కొలవండి. 37 మిల్లీమీటర్లు దాటితే డబ్బాలో పట్టవు, నిలబెట్టి సర్దడానికీ చోటుండదు, అప్పుడు గాజులైనా తగ్గించాలి, లేదా అడుగూ మూతా రెండు సెంటీమీటర్లు పెంచి కోయాలి (అప్పుడు అడుగుకి ఏ4 వెడల్పు చాలదు, ఇంకా పెద్ద కాగితం కావాలి). అది తేలాకే మొదటి షీటు మీద కట్టర్ పెట్టండి.